బాలింతల ఫోన్‌కు ఓ మెసేజ్.. మందు అలవాటు తగ్గేనా? నస్పూర్ లాంటి గని ఊళ్లకు పనికొచ్చే విషయాలివే!

మంచిర్యాల జిల్లా నస్పూర్.. సింగరేణి శ్రీరాంపూర్ ఏరియా గనుల పక్కన పెరిగిన ఊరు. షిఫ్టుల లెక్కన రోజులు గడిచే ఇలాంటి చోట మందు అనగానే అందరూ మగవాళ్ల గురించే మాట్లాడతారు. ఆడవాళ్లు, అందులోనూ బాలింతలు తాగే సంగతి ఇంటి గడప దాటదు. అడిగేవాళ్లు ఉండరు, చెప్పుకునే చోటూ ఉండదు. అందుకే ఈ సమస్యకు ఫోన్ మెసేజ్ ఓ దారి కావచ్చని నిపుణులు చెబుతున్నారు.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో మద్యం తాగేవారు 1.3 శాతమే. అదే తెలంగాణలో 6.7 శాతం. రాష్ట్రంలోని పల్లెల్లో అయితే 9 శాతం. ఇందులో కల్లు వాటా ఎక్కువ. పండక్కి, పెళ్లికి, చావుకు కల్లు ఉండాల్సిందే అనే ఊళ్లలో దాన్ని చాలామంది మందు కింద లెక్కే వేయరు.

కల్లు తాగితే పాలు పడతాయా?

కల్లు తాగితే పాలు బాగా పడతాయని, కాస్త బ్రాందీ తాగితే బాలింతకు చలి పట్టదని కొన్ని ఇళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతుంటారు. నిజం మాత్రం ఇందుకు రివర్స్. పాలు బయటకు రావడానికి సాయపడే ఆక్సిటోసిన్ హార్మోన్‌ను మద్యం తగ్గిస్తుంది. తల్లి మద్యం తీసుకున్నాక కొన్ని గంటల పాటు బిడ్డ తాగే పాలు తగ్గుతాయని అమెరికాలో 1991లో వచ్చిన అధ్యయనం తేల్చింది.

తల్లి రక్తంలో ఎంత ఆల్కహాల్ ఉంటే పాలల్లోనూ దాదాపు అంతే ఉంటుంది. తాగిన అరగంట నుంచి గంటలోపు అది ఎక్కువగా చేరుతుంది. ఒక్క డ్రింక్ ప్రభావం తగ్గడానికే 2 గంటలకు పైగా పడుతుంది. పాలు పిండి పారబోసినా ఆల్కహాల్ త్వరగా పోదు. టైమే దానికి మందు. ఇంకో పెద్ద ప్రమాదం పక్కలోనే ఉంది. తాగిన మత్తులో బిడ్డను పక్కన వేసుకుని పడుకుంటే ఊపిరాడక ప్రాణం పోయే ముప్పు ఉంది.

మెసేజ్ ఎలా పనిచేస్తుంది?

అమెరికాలో 2010లో 'టెక్స్ట్4బేబీ' అనే ఉచిత సేవ మొదలైంది. గర్భిణులకు, బాలింతలకు వారానికి 3 మెసేజ్‌లు వచ్చేవి. ఓ సైనిక ఆసుపత్రిలో 943 మంది గర్భిణులపై చేసిన అధ్యయనం 2015లో వచ్చింది. ఎక్కువ మెసేజ్‌లు అందుకున్నవాళ్లలో ప్రసవం తర్వాత మద్యం తాగామని చెప్పినవాళ్లు తక్కువగా ఉన్నారు. అయితే ఇది వాళ్లు సొంతంగా చెప్పిన లెక్క. ఒక్క అధ్యయనంతోనే అంతా తేలిపోయిందని అనుకోలేం.

సిగరెట్ విషయంలో ఆధారం ఇంకాస్త గట్టిగా ఉంది. బ్రిటన్‌లో 5,800 మందిపై జరిగిన పరీక్ష ఫలితాలు 2011లో వచ్చాయి. మానేందుకు సాయం చేసే మెసేజ్‌లు అందుకున్నవాళ్లలో 10.7 శాతం మంది 6 నెలల పాటు మానేశారు. మిగతావాళ్లలో ఇది 4.9 శాతమే.

కారణం సింపుల్. డాక్టర్ మాట నెలకోసారి వినిపిస్తుంది. మెసేజ్ మాత్రం తాగాలనిపించే సాయంత్రం వేళకే వస్తుంది. తిట్టదు, నలుగురిలో పరువు తీయదు.

ఇక్కడ పెడితే ఏం చూసుకోవాలి?

* చదవలేనివాళ్ల కోసం వాయిస్: అదే సర్వే ప్రకారం దేశంలో సొంతంగా ఫోన్ వాడే ఆడవాళ్లు 54 శాతం. వాళ్లలో మెసేజ్ చదవగలిగేది 71 శాతమే. కేంద్రం 2016లో తెచ్చిన 'కిల్కారీ' అందుకే వాయిస్ కాల్‌తో నడుస్తోంది. గర్భం నాలుగో నెల నుంచి బిడ్డకు ఏడాది నిండే వరకు వారానికొకటి చొప్పున 72 కాల్స్ వస్తాయి.

* గుట్టు: ఇంట్లో ఒకే ఫోన్ ఉంటే భర్తో, అత్తో ముందు చూస్తారు. 'నువ్వు తాగడం తగ్గించు' అని మెసేజ్ వస్తే ఆ తల్లికి గొడవే మిగులుతుంది. 'పాప పడుకుందా అమ్మా? మనసు బాగా లేకపోతే ఒకసారి ఫోన్ చెయ్యి' అంటే ఎవరు చూసినా ఇబ్బంది ఉండదు.

* ముందు మూడు ప్రశ్నలు: ఎన్నిసార్లు తాగుతారు, తాగినప్పుడు ఎంత, ఒకేసారి ఎక్కువగా తాగడం ఎంత తరచుగా ఉంటుంది? ఈ మూడింటికీ కలిపి 12 మార్కులు. ఆడవాళ్లకు 3 లేదా అంతకంటే ఎక్కువ వస్తే జాగ్రత్త పడాలి. టీకాల రోజున ఆశా కార్యకర్త ఒక్కరినే పక్కకు పిలిచి అడిగితే సరిపోతుంది.

వీళ్లకు మెసేజ్ ఒక్కటే చాలదు!

రోజూ తాగేవాళ్లు, ముఖ్యంగా కల్తీ కల్లుకు అలవాటు పడ్డవాళ్లు ఉన్నట్టుండి మానేయకూడదు. కల్తీ కల్లులో అల్ప్రాజోలం లాంటి మత్తు మందులు కలుపుతారు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లుపై దాడులు పెరిగినప్పుడు, ఒక్కసారిగా అది దొరక్క చాలామంది వణుకు, ఫిట్స్, పిచ్చి చూపులతో ఆసుపత్రుల పాలయ్యారు. ఇలాంటివాళ్లకు డాక్టర్ పర్యవేక్షణ తప్పనిసరి. మెసేజ్ పని వాళ్లను అక్కడి దాకా చేర్చడమే.

ప్రసవం తర్వాత దిగులు, నిద్ర లేమి, ఒంటరితనం కూడా మందు వైపు లాగుతాయి. బాలింత తాగుతోందని తెలిస్తే ఇంట్లోవాళ్లు ముందు అడగాల్సింది 'ఎందుకు తాగావ్?' అని కాదు, 'నిద్రపోయి ఎన్ని రోజులైంది?' అని. ఆ రాత్రికి బిడ్డను ఇంకొకరు చూసుకుంటే అదే మొదటి సాయం.

ఎవరికి ఫోన్ చేయాలి?

మానసిక సమస్యలకు టెలీ మానస్ 14416. తెలుగులోనే మాట్లాడొచ్చు. మత్తు అలవాట్ల నుంచి బయటపడేందుకు 14446. రెండూ ఉచితమే. ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా వెంటనే 108కి కాల్ చేయాలి.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. చికిత్స విషయంలో డాక్టర్ సలహా తీసుకోవాలి.