నెలకో రాయి ఎవరు పెట్టారు?

తొలకరి పడగానే కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం వంగి వజ్రాలు వెతకడం ఏటా పేపర్లో చూస్తూనే ఉన్నాం. అదే వజ్రం నగల షాపుకి వెళితే ఏప్రిల్‌లో పుట్టినవాళ్ల రాయి. జాతకం చూసేవాళ్ల దగ్గరికి వెళితే శుక్రుడి రాయి. రెండూ ఒకటే సంప్రదాయం అనుకుంటారు చాలామంది. కాదు. ఇది తెలియకే ఉంగరాల కోసం అప్పులు చేస్తున్నారు, అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను. ఓపికగా చదవండి.

ముందు నెల రాయి సంగతి. దీని వేరు బైబిల్లో ఉంది. యూదుల ప్రధాన యాజకుడు అహరోను రొమ్ము పతకంలో 12 రాళ్లు, 12 గోత్రాలకు గుర్తుగా. ఒకటో శతాబ్దంలో జోసీఫస్ అనే చరిత్రకారుడు ఆ 12 రాళ్లను 12 నెలలతో, 12 రాశులతో ముడిపెట్టాడు. అసలు ఆ పతకంలో ఉన్నవి ఏ రాళ్లో ఇప్పటికీ పండితులకే తేలలేదు. అక్కడ నీలం అని చదువుకునేది నేటి నీలం కాదనీ, లాపిస్ లాజులి అనే వేరే రాయనీ ఎక్కువమంది అంటారు. పేరు మిగిలింది, రాయి మారింది.

తర్వాత యూరప్‌లో కొందరు 12 రాళ్లూ దగ్గర పెట్టుకుని నెలకొకటి మార్చి ధరించేవారట. పుట్టిన నెల రాయి ఒక్కటే జీవితాంతం పెట్టుకోవడం 18వ శతాబ్దంలో పోలండ్‌లో మొదలైందని రత్నాల నిపుణుడు జార్జ్ కుంజ్ 1913లో రాశాడు. ఒక్కో దేశానికి ఒక్కో జాబితా ఉండేది. 1912లో అమెరికా నగల వర్తకుల సంఘం కాన్సస్‌లో కూర్చుని ఒకే జాబితా ఖాయం చేసింది. బ్రిటన్ వర్తకులు 1937లో తమది తాము వేసుకున్నారు. 1952లో అమెరికా వాళ్లు మళ్లీ సవరించారు: నవంబరుకి సిట్రిన్, జూన్‌కి అలెగ్జాండ్రైట్ చేర్చారు. 2002లో డిసెంబరుకి టాంజనైట్ చేర్చారు. ఈ టాంజనైట్ టాంజానియాలో బయటపడిందే 1967లో! ప్రాచీన ఆచారం అంటే ఇదా? జాబితా వేసింది ఎవరో, సరుకు అమ్మేది ఎవరో మీరే చూడండి.

ఇక మనది. మన లెక్కలో నెల లేదు, గ్రహం ఉంది. సూర్యుడికి కెంపు, చంద్రుడికి ముత్యం, కుజుడికి పగడం, బుధుడికి పచ్చ, గురువుకి పుష్యరాగం, శుక్రుడికి వజ్రం, శనికి నీలం, రాహువుకి గోమేధికం, కేతువుకి వైడూర్యం. ఇవే నవరత్నాలు.

కార్తెలు తెలిసిన మనకు తేడా ఇట్టే అర్థమవుతుంది. కార్తె అంటే సూర్యుడు ఉన్న నక్షత్రం, సుమారు రెండు వారాలు నడుస్తుంది. జన్మనక్షత్రం అంటే చంద్రుడు ఉన్నది, దాదాపు రోజుకొకటి మారిపోతుంది. జులైలో రోహిణిలో పుట్టిన పిల్లకి నక్షత్రాధిపతి చంద్రుడు కాబట్టి ముత్యం అంటారు. మర్నాడు మృగశిరలో పుట్టిన పిల్లాడికి కుజుడు కాబట్టి పగడం. షాపు బోర్డు ప్రకారం ఇద్దరికీ కెంపే. పైగా మనవాళ్లలోనే కొందరు నక్షత్రం చూస్తారు, కొందరు లగ్నం చూస్తారు. ఒకే పిల్లకి ఇద్దరు రెండు రాళ్లు చెప్పడం అందుకే.

ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు రాసిన బృహత్సంహిత గురించి విన్నారు కదా. భూమిలో నీళ్లు ఎక్కడ పడతాయో, చెట్లకు తెగుళ్లొస్తే ఏం చేయాలో చెప్పిన గ్రంథమే. అందులో వజ్రం, ముత్యం, కెంపు, పచ్చ ఎలా పరీక్షించాలో అధ్యాయాలున్నాయి. ఆయన ధ్యాసంతా రాయి మంచిదా, దోషమున్నదా అన్న దాని మీదే. ఏ నెలలో పుట్టినవాడికి ఏ రాయి అన్న లెక్క ఆయనది కాదు.

ఆ పరీక్షే ఇప్పుడు మనం వదిలేశాం. 1902లోనే వెర్నూయ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త కొలిమి మంటలో కెంపు తయారు చేసి చూపించాడు. ఇవాళ పగుళ్లలో గాజు నింపిన కెంపులు బజారు నిండా ఉన్నాయి. కంటితో చూస్తే మనకేం తెలుస్తుంది?

నమ్మకం ఎవరిది వాళ్లది, నేను కాదనను. పెట్టుకోవాలనిపిస్తే పెట్టుకోండి. కానీ ల్యాబ్ సర్టిఫికెట్ లేని రాయి కొనకండి. విత్తనం కొంటే బిల్లు అడుగుతాం, రాయికి అడగొద్దా? పంట పోయిన ఏడాది గ్రహం బాగోలేదని వడ్డీకి తెచ్చి మాత్రం ఉంగరం చేయించకండి. రాయి ఫలితం ఎప్పుడిస్తుందో ఎవరూ చెప్పలేరు. వడ్డీ మాత్రం నెల నెలా తప్పదు.