మేజర్ ఫెటిసోవ్ రాజీనామా

సాఫ్ట్‌వేర్‌లో చేరిన కొత్తలో నేనూ ఒక బాండు మీద సంతకం పెట్టాను. రెండేళ్ళ లోపు మానేస్తే డబ్బు కట్టాలి, కట్టకపోతే రిలీవింగ్ లెటర్ రాదు. అప్పట్లో అదే పెద్ద వెట్టిచాకిరీ అనుకుని తెగ తిట్టుకునేవాణ్ణి. వ్యచెస్లావ్ ఫెటిసోవ్ గురించి తెలిశాక నోరు మూసుకున్నాను.

ఈయన రష్యన్ ఐస్ హాకీ ఆటగాడు. న్యూజెర్సీలోనూ డెట్రాయిట్‌లోనూ మనవాళ్ళు బోలెడుమంది ఉన్నారు గానీ, ఆ రెండుచోట్లా ఆడిన ఈయన పేరు విన్నవాళ్ళు ఎంతమంది ఉంటారో అనుమానమే.

1958లో మాస్కోలో పుట్టాడు. ఆడింది సి.ఎస్.కె.ఎ. అనే సైన్యం జట్టుకి. ఇందులో ఓ కిటుకుంది. సోవియట్ యూనియన్‌లో కుర్రాళ్ళందరూ సైన్యంలో పనిచేయాలి కదా, ఎక్కడ మంచి ఆటగాడు కనిపించినా ఈ జట్టు లాక్కోవచ్చు. 1977 నుంచి 1989 దాకా వరసగా పదమూడుసార్లు లీగ్ వాళ్ళే గెలిచారంటే ఆశ్చర్యం ఏముంది! ఆటగాళ్ళకి ర్యాంకులుండేవి, ఫెటిసోవ్ మేజర్ దాకా వెళ్ళాడు. కోచ్ విక్టర్ తిఖొనోవ్ ఏడాదిలో పది పదకొండు నెలలు వాళ్ళని శిక్షణా శిబిరంలోనే ఉంచేవాడు. పెళ్ళాం పిల్లల్ని చూడాలన్నా అనుమతి కావాలి.

ఆట మాత్రం అద్భుతం, అది ఒప్పుకోవాలి. వెనక ఫెటిసోవ్, కసతోనోవ్. ముందు క్రుతోవ్, లారియొనోవ్, మకరోవ్. ఈ అయిదుగురూ పక్‌ని ఒకరికొకరు అందించుకుంటుంటే ఎదుటివాళ్ళు చూస్తూ నిలబడాల్సిందే. 1980లో లేక్ ప్లాసిడ్ ఒలింపిక్స్‌లో అమెరికా కాలేజీ కుర్రాళ్ళ చేతిలో 4-3తో ఓడిన సోవియట్ జట్టులో 21 ఏళ్ళ ఫెటిసోవ్ ఉన్నాడు. ఆ తర్వాత 1984, 1988 ఒలింపిక్స్‌లో స్వర్ణాలు. మొత్తం ఏడు ప్రపంచ ఛాంపియన్‌షిప్పులు. మధ్యలో 1985లో కారు ప్రమాదంలో తమ్ముడు అనతోలీ పోయాడు. నడుపుతున్నది తనే.

1983లోనే న్యూజెర్సీ డెవిల్స్ వాళ్ళు డ్రాఫ్టులో ఈయన పేరు రాసుకున్నారు. 1988 ఒలింపిక్స్ అయ్యాక పంపిస్తామని ఇక్కడి పెద్దలు మాటిచ్చారు, తీరా అయ్యాక మాట తప్పారు. మన మేనేజర్లు 'ఈ రిలీజ్ అవగానే ఆన్‌సైట్' అంటారు చూడండి, అచ్చం అలాగే. పారిపోయే దారి ఉంది, కానీ దొంగలా పోనన్నాడు. అడిగింది రెండే: చట్టప్రకారం వెళ్ళనివ్వండి, నా జీతం నాకే రానివ్వండి. అప్పటి పద్ధతి ప్రకారం బయట ఆడేవాళ్ళ జీతంలో పెద్ద వాటా సోవింటర్‌స్పోర్ట్ అనే ప్రభుత్వ సంస్థకి పోయేది. మన కన్సల్టెన్సీల కమీషన్ దీని ముందు ఎంత!

1988లో లారియొనోవ్ 'అగొన్యోక్' పత్రికలో తిఖొనోవ్‌ని ఉతికి ఆరేస్తూ బహిరంగ లేఖ రాశాడు. 1989 మొదట్లో ఫెటిసోవ్ ఇంక తిఖొనోవ్ కింద ఆడనని పేపరుకే చెప్పేశాడు. రక్షణమంత్రి యాజోవ్ తనని పిలిపించి సైబీరియాకి పంపిస్తానని బెదిరించాడని తర్వాత తనే చెప్పాడు. జట్టులోంచి తీసేశారు. అప్పుడు సహచరులు టీవీలో కూర్చుని, స్లావా లేకుండా ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కి మేం వెళ్ళం అన్నారు. ఈ కథలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే. మన ఆఫీసుల్లో ఒకడి కోసం నలుగురు అలా నిలబడగా నేనైతే చూళ్ళేదు. తిఖొనోవ్ దిగొచ్చాడు, స్టాక్‌హోంలో గెలిచారు, ఆ ఏడే ఫెటిసోవ్ న్యూజెర్సీ వెళ్ళాడు. అన్నట్టు, పక్కనే ఏళ్ళతరబడి ఆడిన కసతోనోవ్ ఆ గొడవలో ఇతని వైపు నిలబడలేదు. అతనూ అదే డిసెంబర్లో అదే న్యూజెర్సీ జట్టుకి వచ్చాడు! ఒకే జట్టు, ఇద్దరికీ మాటల్లేవు.

అక్కడా పూలదండలేం వెయ్యలేదు. వయసు 31, కొత్త ఆటతీరు, పైగా రష్యన్లొచ్చి మన ఉద్యోగాలు లాక్కుంటున్నారన్న గొణుగుడు. (ఎక్కడో విన్నట్టుందా?) 1995లో డెట్రాయిట్‌కి పంపేశారు. అక్కడ కోచ్ స్కాటీ బౌమన్ ఫెటిసోవ్, లారియొనోవ్, ఫెదరోవ్, కొజ్లోవ్, కాన్‌స్టాంటినోవ్ అనే అయిదుగురు రష్యన్లని ఒకేసారి మంచు మీదికి దింపాడు. మళ్ళీ ఆ పాత ఆట! 1997లో డెట్రాయిట్ 42 ఏళ్ళ తర్వాత స్టాన్లీ కప్ గెలిచింది.

ఆరు రోజులకే, జూన్ 13న, లిమోజిన్ చెట్టుకి గుద్దుకుంది. ఫెటిసోవ్ గాయాలతో బయటపడ్డాడు. కాన్‌స్టాంటినోవ్, మసాజ్ చేసే మ్నత్సకానోవ్ చక్రాల కుర్చీకి పరిమితమైపోయారు. మర్నాటి ఏడు మళ్ళీ గెలిచినప్పుడు కాన్‌స్టాంటినోవ్‌ని కుర్చీలో మంచు మీదికి తీసుకొచ్చి కప్పు ఒళ్ళో పెట్టారు. ఆ వీడియో చూసి కళ్ళు చెమర్చనివాళ్ళుంటే చెప్పండి.

ఫెటిసోవ్ 1998లో రిటైరయ్యాడు. ఎన్.హెచ్.ఎల్.లో 546 ఆటలు, 36 గోల్సు. 2001లో హాల్ ఆఫ్ ఫేమ్. 2002లో పుతిన్ ఆయన్ని దేశానికి పిలిచి క్రీడల శాఖ అప్పగించాడు. తర్వాత ఎగువసభ సభ్యుడయ్యాడు, 2016లో దిగువసభకి ఎన్నికయ్యాడు.

ఆ ఎగువసభలో ఉండగానే, 2015లో, ఈయన ఒక ప్రతిపాదన తెచ్చాడు. రష్యన్ ఆటగాళ్ళు 28 ఏళ్ళు వచ్చేదాకా విదేశీ లీగుల్లోకి వెళ్ళకూడదట. దేశం ఖర్చుపెట్టి తయారుచేసింది కాబట్టి ముందు దేశానికి ఆడాలట. తిఖొనోవ్ అంతకు ముందేడే పోయాడు, లేకపోతే ఏమనేవాడో!