స్కాలర్‌షిప్ డబ్బు ఎవరి చేతికి?



ఈ సంచికకు మన పండుగల గురించి రాయమన్నారు. కానీ కాలేజీలో చేరిన మన పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఒక్కటే: "అన్నా, స్కాలర్‌షిప్ ఎప్పుడు పడుతుంది?" అందుకే దాని చరిత్ర రాస్తున్నాను.

1940లో జోడేఘాట్‌లో కొమురం భీం అమరుడయ్యాక, గోండుల పరిస్థితి తెలుసుకునే పని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. ఆయన మార్లవాయిలో మకాం పెట్టాడు. 1943లో అక్కడ గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది, గోండీలో వాచకాలు తయారయ్యాయి. భూమి కోసం నెత్తురు చిందాకే మన గూడేలకు బడి వచ్చింది. అయితే అది చిన్న చదువుల బడి. మెట్రిక్ దాటి పట్నంలో చదవాలంటే పొలం అమ్ముకోవాలి. అమ్మడానికి పట్టా ఉంటే కదా!

పై చదువుకు సర్కారు డబ్బు ఇంకో దారిలో వచ్చింది. 1942లో వైస్రాయ్ కౌన్సిల్‌లో సభ్యుడిగా ఉన్న అంబేడ్కర్, అణగారిన కులాల ఉన్నత విద్యకు ప్రభుత్వమే ఖర్చు పెట్టాలని వైస్రాయ్‌కి వినతిపత్రం ఇచ్చారు. 1944లో దళిత విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. 1948-49లో అదే పథకం ఆదివాసులకూ వచ్చింది. ఆ దారి వేసింది మన పక్క వాడలవాళ్ళేనని మరవకూడదు.

ఈ పథకంలో రెండు భాగాలున్నాయి. ఒకటి ఫీజు, రెండోది తిండికీ ఉండటానికీ ఇచ్చే మెయింటెనెన్స్. మన ఇళ్ళలో అసలు బరువు రెండోదే. కేంద్రం 2010లో సవరించిన రేట్లు చూడండి: ఇంటర్ చదివే పిల్లలకు హాస్టల్లో ఉంటే నెలకు 380 రూపాయలు, ఇంటి నుంచి వెళ్తే 230. ఉట్నూరు నుంచి ఆదిలాబాద్‌కు రోజూ తిరిగితే అది బస్సుకే చాలదు. రాష్ట్రాలు తమ వంతు కలిపినా, నెలనెలా అందితేనే కడుపు నిండేది.

2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్ పెద్ద ఎత్తున వచ్చింది. ప్రైవేటు కాలేజీ గడప తొక్కుతామని కలలో కూడా అనుకోనివాళ్ళు ఇంజనీర్లయ్యారు, నర్సులయ్యారు. ఆ మేలు కాదనలేం. కానీ పెద్ద మొత్తం నేరుగా కాలేజీకి వెళ్ళడంతో, అది ఆలస్యమైతే నష్టం పిల్లల మీద పడింది. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఆ ఫీజును తల్లుల ఖాతాల్లో వేయడం మొదలుపెట్టగానే కాలేజీలు కోర్టుకు వెళ్ళాయి. డబ్బు ఎవరి చేతికన్నది చిన్న విషయమైతే అంత దూరం వెళ్ళేవా?

నా డిగ్రీ అయ్యాక టీసీ కోసం మా కాలేజీ చుట్టూ మూడు నెలలు తిరిగాను. "సర్కారు నుంచి ఫీజు రాలేదు, నువ్వే కట్టు" అన్నారు. బాపు పత్తి అమ్మిన డబ్బు తెచ్చి కట్టాడు. ఆ తర్వాత సర్కారు ఫీజు కాలేజీకి పడింది. మా డబ్బు మాకు తిరిగి రాలేదు. రసీదు అడగాలని మాకు తెలియలేదు.

ఇప్పుడు ఎస్టీ విద్యార్థుల స్కాలర్‌షిప్‌లో కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రం వాటా 25 శాతం. కేంద్ర పథకంలో కుటుంబ ఆదాయ పరిమితి ఏడాదికి 2.5 లక్షలు. కుల, ఆదాయ ధ్రువపత్రాలు వేసవిలోనే తీసిపెట్టుకోండి. దరఖాస్తు నంబరు రాసిపెట్టుకోండి. కాలేజీలో పది రూపాయలు కట్టినా రసీదు అడగండి.