విజయనగరపు రంగస్థలమును, గానశాలయు

కళింగాంధ్రమున విద్యల నగరమని పేరుగన్న విజయనగరమునకు పోవువారికి 1713లో వెలసిన కోటయు, నాల్గు వీథుల నడుమ నిలిచిన గంటస్తంభమును చూడవలసిన వింతలుగా తోచును. కాని ఆ పట్టణపు కీర్తి రాతికట్టడములతో వచ్చినది కాదు. పూసపాటివారి కొలువున పండితులును, గాయకులును, మల్లులును సమానముగా ఆదరింపబడుటచేత అది వచ్చినది. రాజాశ్రయమున పుట్టిన కళ రాజుతోనే అంతరించుట లోకమున సామాన్యము. ఇచ్చట మాత్రము కొలువుకూటమునుండి నాటకశాలకును, నాటకశాలనుండి గానశాలకును, తుదకు పౌరుల సభలకును కళ చేతులు మారుచు వచ్చినది. ఆ కథ గ్రామీణులకును తెలిసికొనదగినది.

ఆనందగజపతి మహారాజు (1850-1897) సంగీతసాహిత్యములయందు అభిరుచియు, సంఘదురాచారములయందు రోతయు గలవాడు. ఆ కాలమున విశాఖపట్టణమండలమున బ్రాహ్మణకుటుంబములలో ఆడపిల్లలను సొమ్ము పుచ్చుకొని పెండ్లి చేయు దుర్నయము ప్రబలియుండెను. దానిని గూర్చి నోటిమాటగా నిందించి ఊరకుండక, మహారాజు మూడేండ్లలో జరిగిన అట్టి వివాహముల పట్టికను తయారు చేయించెను. పుచ్చుకొన్నవారు ఒప్పుకొనుటకు జంకుదురు గనుక ఆ పట్టిక సమగ్రము కాదు. అయినను అందెక్కినవి 1034 వివాహములు. వధువులలో 99 మంది అయిదేండ్లవారు, 44 మంది నాలుగేండ్లవారు, 36 మంది మూడేండ్లవారు, ఆరుగురు రెండేండ్లవారు, ముగ్గురు ఏడాది పసికందులు. ఆ పసికందులకు పలికిన వెల 350 మొదలు 400 రూపాయలు! తల్లి గర్భమందున్న శిశువునకు సైతము బేరము కుదుర్చుకొను వారుండిరట. ఈ దురాచారమును శాసనముచే మాన్పుటకు మహారాజు చేసిన యత్నము ఫలింపలేదు.

శాసనసభలో నెగ్గని మాట నాటకశాలకు వచ్చినది. మహారాజు ఆస్థానమున నుండిన గురజాడ వేంకట అప్పారావుగారు (1862-1915) ఈ విషయమునే వస్తువుగా గైకొని కన్యాశుల్కము రచించిరి. 1892 ఆగస్టు 13వ తేదీన విజయనగరమున జగన్నాథవిలాసినీ సభవారు దానిని తొలిసారి ప్రదర్శించిరి. ఆ రాత్రి కూర్చుండి చూచినవారిలో కన్యను విక్రయించినవారును, కొన్నవారును లేకపోలేదని ఊహించుట కష్టము కాదు. తమ వీథిలోని మనుష్యులు, తమ యింటి మాటలే మాటలాడుచు, తమ యెదుట నడచుచుండిరి. పౌరాణికవేషములకు, దీర్ఘసమాసములకు అలవడిన చెవులకు ఇది క్రొత్త. తెలుగు నాటకమునకు తగిన భాష కాదను అపోహను తొలగించుటయు, సంఘసంస్కరణమునకు తోడ్పడుటయు తన యుద్దేశములని కవియే పీఠికలో చెప్పియున్నాడు. నాటకము 1897లో అచ్చుపడి మహారాజునకే అంకితమయ్యెను. ఆ యేడే మహారాజు స్వర్గస్థులైరి.

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. నేడు మనము చదువుచున్న కన్యాశుల్కము ఆనాడు ఆడినది కాదు. 1909లో ప్రకటించిన రెండవ కూర్పున అప్పారావుగారు దానిని దాదాపు క్రొత్తగా వ్రాసిరి. మొదటి కూర్పున కొంచెపు పాత్రయైన మధురవాణి ఇందు కథకు కీలకమైనది. గ్రంథము మిక్కిలి పెరుగుటచే ఉన్నదున్నట్లు ఆడినచో తెల్లవారునేకాని తెర పడదు. కనుక ఆడువారందఱును ఏదో ఒకచోట కత్తెర వేయవలసినవారే. ఎచ్చట కత్తిరించిరో చూచిన, వారికి నాటకము ఎంత తెలిసినదో తెలియును. గిరీశము నవ్వులను మాత్రము మిగిల్చి బుచ్చమ్మ దుఃఖమును విడిచిన ప్రదర్శనములు ఎన్నో కలవు. అవి జనరంజకములే గాని, ఏడాది పసికందునకు వెల కట్టిన లోకముపై కలము పట్టిన కవికి అది న్యాయము కాదు. జొన్నలగడ్డ సోదరులు రమణమూర్తి, సోమయాజులుగారలు అనేక పర్యాయములు దీనిని ప్రదర్శించి, చదువరుల గ్రంథమును మరల చూపరుల సొత్తు చేసిరి. వాడుకభాషకై పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారును అప్పారావుగారును ఈ విజయనగరమున సహాధ్యాయులే. వారిని గూర్చిన వ్యాసములు ఇట్లు గ్రాంథికమున సాగుట చూచిన, వారిరువురును నవ్వుకొందురేమో!

ఇక గానశాల. 1919వ సంవత్సరమున విజయరామగజపతి మహారాజు శ్రీ విజయరామ గాన పాఠశాలను స్థాపించిరి. అదియే తరువాత మహారాజా సంగీత కళాశాలయై ప్రసిద్ధికెక్కినది. గురుశిష్యపరంపరగా ఇంటింట సాగు సంగీతము బడికెక్కుట, అడిగిన పిల్లవానికెల్ల తలుపు తెఱచుట ఆంధ్రదేశమున అపూర్వమైన సంగతి. దాని ప్రథమాధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసుగారు. అజ్జాడ గ్రామమున 1864లో పుట్టిన పల్లెటూరి బ్రాహ్మణ బాలుడు, ఒక గురువునొద్ద క్రమముగా శిక్షణ పొందక, స్వయంకృషిచే సంగీతమును, పెక్కు భాషలను వశపఱచుకొనెను. ధ్రువచరిత్రముతో ఆయన హరికథ మొదలైనది. కాలికి గజ్జెలు, చేత చిడతలు, మెడలో పూలదండ, గంభీరమైన కంఠము. ఒక్కడే నిలిచి గాయకుడు, నటుడు, నర్తకుడు, వ్యాఖ్యాత అగుచుండెను. ఏకకాలమున అయిదు తాళములు వేయగల లయజ్ఞుడని ఆయనకు ఖ్యాతి. ఉమర్ ఖయ్యాము రుబాయతులను సంస్కృతమునకును, అచ్చతెలుగునకును మార్చినదియు ఆయనయే. శ్రీరామనవమి పందిళ్లలో, దసరా సభలలో హరికథ విని పెరిగిన మన పల్లెలకు ఆ కళ ఇంత యున్నతస్థితిలో చేరుటకు ముఖ్యకారకుడు ఈ మహనీయుడే. కథకునికి పల్లకియు, మేళతాళములును దొరకుటకంటె, కథ వినవచ్చిన రైతునకు శాస్త్రమందిన సంగీతము చెవిని పడుట గొప్ప లాభము.

వాయులీనమున విఖ్యాతులైన ద్వారం వేంకటస్వామినాయుడుగారు (1893-1964) ఆ పాఠశాలకు విద్యార్థిగా చేరదలచి వచ్చిరి. వారి వాద్యము విన్న దాసుగారు, నేర్వవలసినవాడవు కావు, నేర్పవలసినవాడవని అధ్యాపకునిగా నియమింపజేసిరను కథ ప్రసిద్ధము. దృష్టి మందమైన ఆ మహావిద్వాంసుడు 1936లో దాసుగారి తరువాత అధ్యక్షపదవిని అలంకరించెను. వాయులీనము గాత్రమునకు ప్రక్కవాద్యము మాత్రమే అనుకొను కాలమున, దానితో ఒంటరిగా కచేరీ నడపి సభను కూర్చుండబెట్టిన ఘనత వారిది.

గురువులు మహామహులైనను శిష్యుల ఆకలి సంగతి వేఱు. కృష్ణామండలమున చౌటపల్లినుండి ఘంటసాల వేంకటేశ్వరరావు అను యువకుడు వేలి యుంగరము అమ్ముకొని విజయనగరము చేరెను. అప్పటికి వేసవి సెలవులు. కళాశాల మూసియుండెను. నాయుడుగారు ఆవరణమున తల దాచుకొననిచ్చిరి. పట్రాయని సీతారామశాస్త్రిగారు పాఠము చెప్పిరి. ఊరి యిల్లాండ్రు అన్నము పెట్టిరి. జోలె భుజమున వేసికొని మధుకరము చేసి ఆ యువకుడు సంగీతము నేర్చెను. తరువాత తెలుగువారి ప్రతి యింటను వినబడిన ఆ కంఠమునకు మొదట అన్నము పెట్టిన తల్లుల పేర్లు ఏ చరిత్రలోను లేవు. కళాపోషణమనగా రాజులను, జమీందారులనే తలంతుము గాని, గుప్పెడన్నము వేసిన ఆ గడపలకును అందు పాలున్నది. విజయనగరముననే పుట్టిన పి. సుశీలగారును ఈ కళాశాలయందే సంగీతము అభ్యసించిరి.

సంస్థానములు పోయిన పిదప సభల భారము పౌరులపై పడినది. అప్పారావుగారు నివసించిన ఇల్లు స్మారకముగా నిలిచినది. జయంతియైన సెప్టెంబరు 21నను, వర్ధంతియైన నవంబరు 30నను పట్టణమున సభలు జరుగుచు, గురజాడ పేర విశిష్టులకు పురస్కారము లొసగబడుచున్నవి. దసరా వెళ్లిన పిమ్మట పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవమునకు చుట్టుపట్టుల జనము ఇసుక వేసిన రాలనంతగా చేరును. ఆ దినములలోనే విజయనగర ఉత్సవములను పేర వేదికలు కట్టి సంగీతము, నాటకము, కవిసమ్మేళనము జరుపుదురు. వేదికమీద నారాయణదాసుగారి పరంపరకు చెందిన హరికథ, వీథిలో ఱొమ్మున తప్పెటలు కట్టుకొని గంతులు వేయుచు పాడు తప్పెటగుళ్లవారి మేళము! ఈ రెండును ఒక్క ప్రాంతపు బిడ్డలే యైనను, శాలువ మొదటిదానికే ఎక్కువగా దొరకుచున్నది. తప్పెటగుళ్లవారి పాటలు చాలవఱకు నోటివెంట వచ్చినవే. ముసలివారితో పాటు పోకముందే వానిని వ్రాసికొను పని గ్రామ గ్రంథాలయములకు మించి మఱెవ్వరికిని సులభము కాదు. ఒక నోటుపుస్తకమును, తీరికగల ఇరువురు యువకులును చాలును.

2019లో సంగీత కళాశాలకు నూఱేండ్లు నిండినవి. గాత్రము, వీణ, వాయులీనము, మృదంగములతో పాటు నాదస్వరము, డోలు కూడ అచ్చట నేర్పుదురు. పెండ్లిపందిళ్లలో మంగళవాద్యము వాయించు కుటుంబముల బాలురును, ఉద్యోగుల బిడ్డలును ఒకే ఆవరణమున సరళీస్వరములు సాధకము చేయుచుందురు.