ఖుబానీ మీద ఐస్‌క్రీం: చల్లదనం మా ఇంటి దాకా వచ్చిన దారి

హైదరాబాద్ పెళ్ళి భోజనాల్లో చివర స్వీట్ల బల్ల దగ్గర మీరు చూసే ఉంటారు. ఒక గిన్నెలో ముదురు గోధుమరంగులో, చిక్కటి పాకంలా మెరుస్తూ ఖుబానీ కా మీఠా ఉంటుంది. పక్కనే ఐస్‌క్రీం డబ్బా పట్టుకుని ఒక కుర్రాడు నిలబడతాడు. ముందు ఖుబానీ, పైన ఒక గరిటె వెనిలా. వద్దన్నవాళ్ళని నేనింతవరకు చూడలేదు. మా అమ్మాయి కాలేజీలో ఏదో ప్రాజెక్టు కోసం దీని గురించి రాస్తూ "నిజాముల కాలం నాటి రాజ వంటకం" అని మొదలుపెట్టింది. ఖుబానీ వరకు సరే, దాని మీది ఐస్‌క్రీం సంగతేమిటే అని అడిగాను. దానికి జవాబు లేదు. నాకూ పూర్తిగా తెలియదు కాబట్టి చదవడం మొదలుపెట్టాను. చదివిన కొద్దీ ఇది వంట కథ కాదని, చల్లదనం ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అన్న కథ అని అనిపించింది.

ఖుబానీ మన చెట్టు కాయ కాదు. ఎండబెట్టిన ఆప్రికాట్. అఫ్ఘానిస్తాన్ వైపు నుంచి వ్యాపారుల మూటల్లో వచ్చేది. పార్సీలో దీన్ని జర్దాలు అంటారు, అంటే పచ్చటి ఆలూబుఖారా అని అర్థం. ఇప్పటికీ బేగంబజార్ డ్రైఫ్రూట్ల దుకాణాల్లో రెండు పేర్లూ వినిపిస్తాయి. చలిదేశపు పండు దక్కనుకి ఎండి వచ్చింది. ఇక్కడ నానబెట్టి, చక్కెర వేసి, గింజ పగలగొట్టి పప్పు పైన చల్లి మీఠా చేశారు. మొదట దీని మీద వేసుకున్నది మీగడే. ఐస్‌క్రీం చాలా తర్వాత వచ్చింది, ఎందుకంటే ఎండలు మండే మన ఊళ్ళో మంచుగడ్డ దొరకడమే గొప్ప.

మరి మంచుగడ్డ లేనప్పుడు రాజులు ఏం చేశారు? అబుల్ ఫజల్ తన ఐన్-ఇ-అక్బరీలో రాశాడు, అక్బరు కొలువులో నీళ్ళ పాత్రని పెట్లుప్పు కలిపిన నీళ్ళలో తిప్పి చల్లబరిచేవారట. పెట్లుప్పు అంటే సురేకారమే, తుపాకిమందులో వేసేది. నీళ్ళలో కరిగేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది. 1586 తర్వాత కొలువు లాహోరుకి మారాక ఉత్తరాది కొండల నుంచి మంచు తెప్పించుకున్నారు. మా టోలిచౌకి నుంచి గోల్కొండ కోట ఎంతో దూరం లేదు. 1687లో ఔరంగజేబు సైన్యం నెలల తరబడి ఆ కోటని ముట్టడించినప్పుడు ఫిరంగుల్లో దట్టించిన మందులో ఉన్నదీ ఇదే ఉప్పు. ఒకే పదార్థంతో చక్రవర్తికి చల్లని నీళ్ళు, కోటకి గుండు దెబ్బ! బి.ఏ. తెలుగు చదివినప్పుడు పెట్లుప్పు అన్న మాట నిఘంటువులో చూశానే గానీ, అది శర్బత్ గ్లాసు దాకా వెళ్ళిందని ఎవరూ చెప్పలేదు.

ఇక అసలైన మంచు వ్యాపారం వింటే నమ్మబుద్ధి కాదు. అమెరికాలో బోస్టన్‌కి చెందిన ఫ్రెడరిక్ ట్యూడర్ అనే ఆయన చలికాలంలో గడ్డకట్టిన చెరువుల్ని రంపాలతో కోయించి, ఆ గడ్డల్ని రంపపు పొట్టులో దాచి ఓడల్లో వెచ్చటి దేశాలకి అమ్మాడు. 1833 మే నెలలో టస్కనీ అనే ఓడ 180 టన్నుల మంచుతో కలకత్తాకి బయలుదేరింది. నాలుగు నెలల ప్రయాణం, భూమధ్యరేఖని రెండుసార్లు దాటాలి. చేరేసరికి దాదాపు 100 టన్నులు మిగిలింది! నాలుగడుగుల దూరం నుంచి పుల్లైసు ఇంటికి తెస్తే సగం చేతిమీద కారిపోయే మనకి ఇది అద్భుతం కాక మరేమిటి?

మద్రాసులోనూ 1840ల్లో సముద్రం ఒడ్డున ట్యూడర్ మంచు నిలవ చేయడానికి గుండ్రటి గోడల భవనం కట్టారు. ఆ పేటకి ఐస్ హౌస్ అన్న పేరు నిలిచిపోయింది. 1897లో వివేకానందుడు బస చేసిన ఇల్లు కూడా అదే, అందుకే ఇప్పుడు దాన్ని వివేకానందర్ ఇల్లం అంటున్నారు. మా ఇంటి నుంచి షేక్‌పేట దాటి కొండెక్కితే వచ్చే ఫిల్మ్‌నగర్‌లో, మద్రాసు నుంచి తరలి వచ్చిన సినిమా కుటుంబాల పెద్దవాళ్ళకి ఐస్ హౌస్ అంటే ఒక బస్సు స్టాపు పేరుగా బాగా గుర్తుండే ఉంటుంది. వాల్డెన్ చెరువు ఒడ్డున ఉన్న రచయిత థోరో తన పుస్తకంలో, తన చెరువు నీళ్ళని మద్రాసు, కలకత్తా వాళ్ళు తాగుతున్నారని సరదాగా రాసుకున్నాడు కూడా. అయితే ఆ నీళ్ళు తాగినవాళ్ళు ఎవరు? దొరలు, వాళ్ళతో కలిసి తిరిగే కొద్దిమంది ధనవంతులు. ఓడ నుంచి ఆ గడ్డలు మోసిన కూలీల చేతులకి మాత్రం చల్లదనం బాగానే అందింది, వేళ్ళు తిమ్మిరెక్కేంతగా. 1874లో మద్రాసులో ఆవిరి యంత్రంతో మంచు చేసే కంపెనీ వచ్చాక ఓడల మంచు వ్యాపారం కొన్నేళ్ళలోనే కరిగిపోయింది.

ఐస్ ఫ్యాక్టరీ వచ్చిందంటే ఐస్‌క్రీం బజారుకి వచ్చినట్టే. ఎలాగంటే, ఒక కొయ్య పీపాలో డబ్బా పెట్టి చుట్టూ ఐసుముక్కలు, రాళ్ళుప్పు కూరతారు. ఉప్పు తగిలిన ఐసు సున్నా డిగ్రీల దగ్గర ఆగదు, ఇంకా కిందికి, దాదాపు మైనస్ 20 దాకా దిగుతుంది. డబ్బాలో పాలు గోడకి అంటుకుని గడ్డకడుతుంటే, లోపలి రెక్క గీకుతూ తిరుగుతూ ఉండాలి. తిప్పకపోతే అయ్యేది ఐస్‌క్రీం కాదు, ఐసుగడ్డ. ఈ పిడి తిప్పే యంత్రానికి 1843లో అమెరికాలో పేటెంటు తీసుకున్నది నాన్సీ జాన్సన్ అనే ఆవిడ. వంటింటి కష్టం తెలిసినవాళ్ళే కనిపెడతారు మరి.

మన ఊళ్ళో ఈ పీపాల చప్పుడు వినాలంటే మొజంజాహీ మార్కెట్టుకి వెళ్ళాలి. 1935లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కట్టించి, రెండో కొడుకు మొజం జా పేరు పెట్టిన రాతి కట్టడం. చాలాకాలం అది పళ్ళ బజారు. పళ్ళు ఎదురుగా ఉన్నాయి, పాలు తెచ్చుకున్నారు, ఐసు దొరికింది. 1951 నుంచి అక్కడ ఫేమస్ ఐస్‌క్రీం దుకాణం ఉంది, పక్కన మరికొన్ని. సీతాఫలం, మామిడి, అంజీర్, ఏ కాలం పండు ఆ కాలం ఐస్‌క్రీం. 1980ల్లో పళ్ళ మార్కెట్ కొత్తపేట వైపు వెళ్ళిపోయింది గానీ ఐస్‌క్రీం వెళ్ళలేదు. 2020లో ఆ కట్టడాన్ని బాగుచేశారు, ఇప్పుడు సాయంత్రం లైట్లలో చూడముచ్చటగా ఉంది. నన్నడిగితే హైదరాబాద్ ఐస్‌క్రీం పుట్టిల్లు అదే, కోటలూ రాజభవనాలూ కాదు. చక్రవర్తి దగ్గరున్న చల్లదనం చేతిలో రూపాయి ఉన్న ఎవరికైనా అందిన చోటు అది.

పండు సాసు మీద ఐస్‌క్రీం అనే జోడీని ప్రపంచంలో పేరున్న వంటకంగా చేసింది ఫ్రెంచి వంటవాడు ఎస్కోఫియే అంటారు. 1890ల్లో లండన్ సవాయ్ హోటల్లో నెల్లీ మెల్బా అనే గాయని కోసం పీచ్ పళ్ళు, వెనిలా ఐస్‌క్రీం కలిపి ఇచ్చాడు. రాస్‌బెర్రీ సాసు తర్వాత కార్ల్‌టన్ హోటల్‌కి వెళ్ళాక చేర్చాడు. దాని పేరు పీచ్ మెల్బా. చూడండి, పాడినావిడ పేరు వంటకానికి వచ్చింది, వండినాయన పేరు పుస్తకాల్లో నిలిచింది. మన ఖుబానీ వండినవాళ్ళలో ఒక్కరి పేరైనా ఎవరూ రాసి పెట్టలేదు. "నిజాం వంటకం" అనేస్తాం. నిజాం ఏనాడైనా గింజలు పగలగొట్టాడా?

ఇంట్లో ఐస్‌క్రీం అన్నది ఫ్రిజ్‌తోనే మొదలైంది. 1942లో మొదలైన మన హైదరాబాద్ ఆల్విన్ కంపెనీ సనత్‌నగర్‌లో బస్సు బాడీలు, గడియారాలతో పాటు ఫ్రిజ్‌లూ చేసేది. ఒక తరం తెలుగువాళ్ళకి ఫ్రిజ్ అంటే ఆల్వినే. 1990ల్లో ఆ ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్ చేతికి వెళ్ళింది. మా అత్తగారింట్లోనూ అదే ఉండేది, 165 లీటర్లది, 1983లో కొన్నది. నేను కాపురానికి వచ్చేనాటికి రంగు వెలిసినా చక్కగా పనిచేసేది. దానికి తాళం ఉండేదండీ! ఈ కాలం పిల్లలు నమ్మరు. ఫ్రిజ్ తాళంచెవి మా అత్తయ్య గుత్తిలో బీరువా తాళంచెవి పక్కన ఉండేది.

ఆ తాళం పిల్లల కోసమని మావారు అంటారు. కొంతవరకే నిజం. పనిచేసే ఆవిడకి ఎండలో చల్లటి నీళ్ళు అడిగితే కుండలోవి ఇచ్చేవారు, ఫ్రిజ్‌లోవి కాదు. ఐస్‌క్రీం చేసిన రోజు ఆవిడకీ పెట్టేవారు, కానీ మిగిలితేనే, పెరట్లో ఉండే స్టీలు గిన్నెలో. అత్తయ్య చెడ్డ మనిషి కాదు. ఆవిడ పెరిగిన ఇంట్లో అలాగే చేసేవారు. తాళంచెవి నా చేతికి వచ్చాక నేను తాళం వేయడం మానేశాను. "అందరికీ తెరిచి పెడితే ఇంక దానికి విలువేముందే" అన్నారు అత్తయ్య. వాదించలేదు. ఆ నెల ఐస్‌క్రీం గిన్నెలు సర్దుతూ, పనిచేసే ఆవిడకీ లోపలి గిన్నెలోనే పెట్టి ముందుగా ఇచ్చాను. అత్తయ్య చూశారు, ఏమీ అనలేదు, కానీ ఆ రోజు తను తినలేదు. తర్వాతి నెల తిన్నారు. మధ్యలో ఆవిడ మనసులో ఏం జరిగిందో నాకెప్పుడూ చెప్పలేదు.

ఖుబానీ నాకు నేర్పింది పక్కింటి ఆపా. రంజాన్‌కి గిన్నె నిండా పంపుతారు, నేను ఆ గిన్నెలో ఐస్‌క్రీం వేసి తిరిగి పంపుతాను. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదన్నది రెండు ఇళ్ళలోనూ ఉన్న పట్టింపే. ఆవిడ చెప్పిన కొలత ఇది. పావుకిలో గింజ ఉన్న ఖుబానీ కడిగి రాత్రంతా నానబెట్టండి. గింజలు తీసి, నానిన నీళ్ళతోనే సన్నటి సెగ మీద మెత్తబడేదాకా ఉడికించి, గరిటెతో నలపండి. మిక్సీలో వేయొద్దు, ముక్కలు తగలాలి. చక్కెర వంద గ్రాములు చాలు, అది కూడా మెత్తబడ్డాకే. చివర్లో నాలుగు చుక్కల నిమ్మరసం. గింజలు పగలగొట్టి లోపలి పప్పు ఒకటి కొరికి చూడండి, చేదుగా ఉంటే ఆ బాపతు పప్పంతా పారేయండి. చేదు పప్పు ఒంటికి మంచిది కాదు. తియ్యగా ఉంటే వేడినీళ్ళలో వేసి పొట్టు తీసి పైన చల్లండి.

ఐస్‌క్రీంకి లీటరు గేదెపాలు సగమయ్యేదాకా మరిగించి, వంద గ్రాముల చక్కెర, చెంచాడు కార్న్‌ఫ్లోర్ చల్లని పాలలో కలిపి పోసి, చల్లారాక గిలకొట్టిన మీగడ ఒక కప్పు కలపాలి. పీపా లేదు కాబట్టి, ఫ్రీజర్లో పెట్టిన రెండు గంటలకి ఒకసారి, ఇంకో గంటకి మరోసారి తీసి బాగా గిలకొట్టాలి. ఐసు పలుకులు విరగ్గొట్టడమే ఇందులో పని, పిడి తిప్పడానికి బదులు ఇది. ఖుబానీ మాత్రం గోరువెచ్చగా ఉండాలి.

సీతాఫలాల కాలంలో, మహబూబ్‌నగర్ బుట్టలు మెహిదీపట్నం రోడ్డు మీదికి రాగానే, ఇదే పాలతో ఆ గుజ్జు కలిపి చేస్తాను. పేరులో సీత ఉన్నా ఆ చెట్టు పుట్టిల్లు అమెరికా ఖండమని వృక్షశాస్త్రం చెబుతుంది. దాన్ని మాత్రం పొయ్యి మీద పెట్టకండి, ఉడికిస్తే చేదెక్కుతుంది. పాలు పూర్తిగా చల్లారాకే కలపాలి.