సర్వర్ లేని పీడీఎఫ్

బ్రౌజర్‌లోనే తయారైన పీడీఎఫ్ క్రోమ్‌లో ఒకలా, సఫారీలో ఇంకోలా ప్రవర్తించి, ఒకప్పటి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో అసలు తెరుచుకోకపోతే, తప్పు బ్రౌజర్ కంపెనీల పంతాలదే అనిపించడం సహజం. కారణం అంతకంటే లోతైనదని నా వాదన. 1993లో అడోబీ తెచ్చిన పీడీఎఫ్ వెబ్‌లో పాఠకుడికి సర్వర్ నుంచి చేరేది. అది ఏ రకం ఫైలో, తెరపై చూపాలో, ఫలానా పేరుతో దాచాలో సర్వర్ పంపే హెడర్లే బ్రౌజర్‌కు చెప్పేవి. జేఎస్‌పీడీఎఫ్ వంటి లైబ్రరీలు వచ్చి జావాస్క్రిప్టే పీడీఎఫ్‌ను తయారుచేయడం మొదలయ్యాక ఫైల్ మిగిలింది, హెడర్లు పోయాయి. అప్పటినుంచి జరిగిందంతా వాటి లోటు పూడ్చే ప్రయత్నమే.

మొదట దొరికిన దారి 1998 నాటి డేటా యూఆర్ఎల్. ఫైల్ మొత్తాన్నీ చిరునామాలోనే కుక్కే ఈ పద్ధతిలో రకం చెప్పవచ్చు, పేరు చెప్పడానికి చోటు లేదు. పైగా బేస్64లో రాస్తే ఫైల్ మూడోవంతు ఉబ్బుతుంది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8 అయితే 32 కిలోబైట్ల దగ్గరే ఆపేసింది. ఫైల్ దాచడానికి కొందరు ఫ్లాష్ బటన్‌ను పేజీలో పెట్టుకోవాల్సి వచ్చింది. తర్వాత వచ్చిన బ్లాబ్ యూఆర్ఎల్ బరువు సమస్య తీర్చింది: ఫైల్ మెమరీలో ఉంటుంది, చిరునామా పొట్టిగా ఉంటుంది. పేరు మాత్రం అప్పటికీ రాలేదు. దాన్ని తెచ్చింది లింకుకు తగిలించే డౌన్‌లోడ్ యాట్రిబ్యూట్. క్రోమ్‌కు 2011లో, ఫైర్‌ఫాక్స్‌కు 2013లో, మ్యాక్ సఫారీకి 2017లో, ఐఫోన్ సఫారీకి 2019లో అది అందింది. ఈలోగా ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 10 తన సొంత ఫంక్షన్ పెట్టుకుంది. ఈ తేడాలన్నిటినీ ఒక్క పిలుపు వెనక దాచిన ఎలీ గ్రే రాసిన ఫైల్‌సేవర్ లైబ్రరీకి వెబ్ డెవలపర్లు ఎంతో రుణపడి ఉన్నారు.

ఫైల్‌ను సర్వర్‌కు పంపి వెనక్కి తెప్పించుకుంటే సరిపోయేది కదా అనవచ్చు. చాలామంది చేసిందీ అదే. కానీ జీతం చీటీ, వైద్య నివేదిక వంటివి అవసరం లేకుండా మనిషి కంప్యూటర్ దాటిపోతాయి. నెట్ లేకపోతే పని ఆగుతుంది. మరి పేజీ తనంతట తాను ట్యాబ్‌లో డేటా యూఆర్ఎల్ తెరవడాన్ని 2017లో క్రోమ్ ఆపేసింది, అది పంతం కాదా? కాదు. ఆ చిరునామాలో సర్వర్ పేరుండదు కనుక పేజీ ఎవరిదో తెలియదు, మోసగాళ్లు దాన్నే వాడుకున్నారు. సర్వర్‌తో పాటు పూచీ కూడా పోయిందన్నమాట.

దాచుకోవడం ఇలా కుదుటపడింది. చూపడం మాత్రం ఇంకా పేజీ చేతిలో లేదు. క్రోమ్ 2010లో, ఫైర్‌ఫాక్స్ 2013లో సొంత వ్యూయర్లు పెట్టుకున్నా, వాడేవారు వాటిని ఆపేసుకోవచ్చు. వ్యూయర్ ఉందా అని అడిగే వీలు ఇప్పుడు ప్రమాణంలోనే ఉంది కాబట్టి, ముందు అడిగి, లేదంటే డౌన్‌లోడ్ ఇవ్వడమే సరైన పద్ధతి.