ప్రోటోకాల్ వారసత్వం (మొబైల్ ప్రోగ్రామింగ్)

ఒక టైపులో ఏ మెథడ్లు, ఏ ప్రాపర్టీలు ఉండి తీరాలో చెప్పే ఒప్పందం ప్రోటోకాల్. ఒక ప్రోటోకాల్ మరో ప్రోటోకాల్ షరతులన్నిటినీ తీసుకుని, తనవి కొన్ని చేర్చుకుంటే అది ప్రోటోకాల్ వారసత్వం.

1980ల తొలినాళ్లలో బ్రాడ్ కాక్స్, టామ్ లవ్ తయారుచేసిన ఆబ్జెక్టివ్-సీలో మొదట ప్రోటోకాల్ లేదు. స్టీవ్ జాబ్స్ స్థాపించిన నెక్స్ట్ సంస్థ తర్వాత చేర్చింది. జావా ఇంటర్‌ఫేస్‌కు మూలం ఇదే. ప్రాపర్టీలు, ఐచ్ఛిక షరతులు 2007లో ఆబ్జెక్టివ్-సీ 2.0తో వచ్చాయి. 2008 నుంచి ఐఫోన్ ఆప్‌లు రాసినవారికి వారసత్వం నిత్యం కనబడేదే: టేబుల్ వ్యూ డెలిగేట్ అనే ప్రోటోకాల్ స్క్రోల్ వ్యూ డెలిగేట్ ప్రోటోకాల్‌కు వారసు.

క్రిస్ లాట్నర్ 2010 జులైలో మొదలుపెట్టిన స్విఫ్ట్ భాషను ఆపిల్ 2014 జూన్ 2న ప్రకటించింది. మరుసటి ఏడు ఆపిల్ డెవలపర్ల సమావేశంలో డేవ్ అబ్రహామ్స్ చేసిన ప్రసంగం ఈ చరిత్రలో కీలక ఘట్టం. క్లాసుతో కాక ప్రోటోకాల్‌తో ఆలోచన మొదలుపెట్టమన్నారాయన. స్విఫ్ట్ 2లో వచ్చిన ప్రోటోకాల్ ఎక్స్‌టెన్షన్లు ఒప్పందంతోపాటు దాన్ని నెరవేర్చే కోడ్‌ను కూడా ఇవ్వడంతో, క్లాసు వారసత్వం లేని స్ట్రక్ట్‌లు, ఈనమ్‌లు కూడా ఉమ్మడి కోడ్‌ను పంచుకోగలిగాయి. 2015 డిసెంబరు 3న భాష ఓపెన్ సోర్స్ అయింది.

ప్రోటోకాల్ వారసత్వంలో చిక్కంతా ప్రాపర్టీ టైపు దగ్గర. స్విఫ్ట్‌లో పేర్లు తెలుగు లిపిలోనే పెట్టుకోవచ్చు కనుక మార్కాపురం పలకనే ఉదాహరణగా తీసుకోవచ్చు. ‘పలక’ ప్రోటోకాల్ ‘అంచు’ అనే ప్రాపర్టీని అడుగుతుంది. ఆ ప్రాపర్టీ టైపు ‘చట్రం’ అనే ఇంకో ప్రోటోకాల్. ‘చెక్కచట్రం’ దానికి కట్టుబడిన స్ట్రక్ట్. ‘పలక’కు కట్టుబడాల్సిన ‘బడిపలక’ అనే స్ట్రక్ట్ తన అంచును ‘చెక్కచట్రం’గా ప్రకటిస్తే, అది ‘పలక’ షరతు తీర్చలేదని కంపైలర్ ఆపేస్తుంది. గెట్ (చదవడం), సెట్ (మార్చడం) రెండూ ప్రోటోకాల్ అడిగినప్పుడు ఇది న్యాయమే: పలక అనుకుని వాడే కోడ్ ఆ అంచుకు ప్లాస్టిక్ చట్రం తగిలించగలదు. గెట్ ఒక్కటే అడిగినా టైపు అచ్చంగా అదే ఉండాలన్నది స్విఫ్ట్ నియమం. వారస ప్రోటోకాల్‌లో అదే పేరుకు ఇరుకైన టైపు రాసినా పాత షరతు రద్దు కాదు.

దీనికి విరుగుడు అసోసియేటెడ్ టైపు. అంచు టైపును ‘పలక’ తెరిచి ఉంచుతుంది, కట్టుబడే స్ట్రక్ట్ దాన్ని తేలుస్తుంది. 2017 సెప్టెంబరులో వచ్చిన స్విఫ్ట్ 4, వారస ప్రోటోకాల్ తలకట్టులోనే ‘వేర్’ షరతుతో ఆ టైపును చెక్కచట్రానికి బిగించే వీలిచ్చింది. అయితే అసోసియేటెడ్ టైపు ఉన్న ప్రోటోకాల్‌ను మామూలు టైపుగా వాడడం కుదిరేది కాదు. రకరకాల పలకలను ఒకే అర్రేలో పెట్టాలంటే ముందుగా వేరే టైపులో చుట్టాల్సి వచ్చేది. 2022లో స్విఫ్ట్ 5.6, ప్రోటోకాల్‌ను టైపుగా వాడేచోట రాసే ‘ఎనీ’ కీవర్డ్‌ను తెచ్చింది, అదే ఏడు సెప్టెంబరులో 5.7 ఆ ఆంక్షను ఎత్తేసింది. డెవలపర్లు ఏళ్ల తరబడి అడిగిన మార్పు ఇది.

స్విఫ్ట్‌లా కాక, 2017లో గూగుల్ ఆండ్రాయిడ్‌కు అంగీకరించిన కోట్లిన్ భాషలో ఇంటర్‌ఫేస్ అడిగిన ‘వాల్’ (చదవడానికి మాత్రమే) ప్రాపర్టీని ఇరుకైన టైపుతో నెరవేర్చవచ్చు. ‘వార్’ (విలువ మార్చగల ప్రాపర్టీ) అయితే టైపు మార్చడానికి లేదు.